ఆన్‌లైన్ బింగో ప్రమోషన్లు అచ్చం మొబైల్ గేముల్లా ఎందుకుంటాయి? లోపల ఏం జరుగుతుంది?

మీరు అడిగింది ఇదీ: మీ అక్క ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో చేస్తారు, నైట్ షిఫ్ట్ అయ్యాక ఫోన్‌లో బింగో ఆడతారు. ఈమధ్య చూస్తే అందులో క్యాండీ క్రష్‌లోలాగా మ్యాపు, లెవెళ్ళు, రోజుకోసారి తిప్పే చక్రం, నిధి పెట్టెలు కనబడ్డాయి. నంబర్లు పిలిచే ఆటకి ఇవన్నీ ఎందుకు, వీటివల్లే ఆవిడ ఎక్కువ ఆడుతున్నారా, ఇండియా వచ్చినప్పుడు కూడా ఆడొచ్చా అని.

ముందు సూటిగా చెప్పేస్తా. అవునండి, కావాలనే అలా చేస్తారు, చాలావరకు పనిచేస్తుంది కూడా. నేను మొదట హైదరాబాద్‌లో ఫ్రీ మొబైల్ గేములకి డిజైన్ చేసేవాణ్ణి, తర్వాత యూకేలో ఒక బింగో సైట్ ప్రమోషన్స్ టీమ్‌లో కొన్నేళ్ళు పనిచేశాను, ఇప్పుడు ఆ ఫీల్డ్‌లో లేను. రెండు చోట్లా రోజూ పొద్దున్నే చూసే అంకె ఒకటే, నిన్న వచ్చినవాళ్ళలో ఈరోజు ఎంతమంది మళ్ళీ వచ్చారు అని. టెక్నిక్కులు కూడా దాదాపు అవే. కానీ ఒక పెద్ద తేడా ఉంది, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: వీడియో గేమ్‌లో, ఎంతవరకు వచ్చామో చూపించే బార్ నిండితే మీకు ఆట వచ్చినట్టు. బింగో ప్రమోషన్‌లో బార్ నిండితే మీరు అంత డబ్బు పెట్టినట్టు, అంతే.

అసలు బింగోకి ఈ అవసరం ఎందుకొచ్చిందో చూడండి. యూకేలో ఆడేది 90 నంబర్ల బింగో, మన తంబోలా టికెట్టే, మూడు వరసలు, తొమ్మిది నిలువు గళ్ళు, 15 నంబర్లు. మన అపార్ట్‌మెంట్లలో జల్దీ ఫైవ్, టాప్ లైన్ అని ఆడతాం, అక్కడ ఒక లైను, రెండు లైన్లు, ఫుల్ హౌస్. ఆరు టికెట్ల స్ట్రిప్ కొంటే 1 నుంచి 90 దాకా అన్ని నంబర్లూ ఒక్కొక్కసారి వస్తాయి. హాల్లో ఆడేటప్పుడు కనీసం చెవి, కన్ను, పెన్ను పనిచేసేవి, నంబర్ మిస్ అయితే గెలుపు పోయేది, పక్కన ఫ్రెండ్స్ ఉండేవాళ్ళు. ఆన్‌లైన్‌కి వచ్చేసరికి నంబర్లు సాఫ్ట్‌వేరే కొట్టేస్తుంది, ఆటో డాబ్ అంటారు, గెలిస్తే అదే క్లెయిమ్ చేసేస్తుంది. అంటే టికెట్ కొన్నాక ఆడేవాళ్ళు చెయ్యడానికి ఏ పనీ లేదు. నిర్ణయం లేదు, నేర్పు లేదు. అలాంటి ఆట దగ్గర మనిషి ఎంతసేపు కూర్చుంటాడు? అందుకని దానిపైన ఇంకో ఆట కట్టాలి. మీరు మీ అక్కగారి ఫోన్‌లో చూసింది ఆ పైన కట్టిన ఆటే.

ఒక ప్రమోషన్ ఎలా తయారవుతుందో చెప్తా, బయటివాళ్ళకి ఇది కనబడదు. ఏడు రోజుల నిధి వేట అనుకోండి. డిజైనర్ గీసే మ్యాపు తర్వాత సంగతి, ముందు ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. ఒక్కో రోజుకి ఒక వరస. మొదటి కాలమ్‌లో ఆటగాడు ఏం చెయ్యాలి, రెండో కాలమ్‌లో ఏం ఇస్తాం, మూడోదాంట్లో అది ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది, చివర్లో కంపెనీకి ఒక్కొక్కరి మీద ఎంత ఖర్చు. మొదటి రోజు ఊరికే లాగిన్ అయితే చాలు, పెట్టె తెరుచుకుంటుంది. రెండో రోజు ఒక పౌండు టికెట్లు. మూడో రోజు రెండు. అలా మెల్లగా ఎక్కి ఏడో రోజు పది పౌండ్లు, చివర్లో పెద్ద పెట్టె. ఇచ్చేవి చాలావరకు మళ్ళీ ఆడటానికే పనికొచ్చే ఫ్రీ టికెట్లు, గడువు 24 గంటలు. గడువు ఎందుకు పెడతారంటే ఆ టికెట్లు వాడుకోవడానికి మర్నాడు మళ్ళీ రావాలి, వచ్చినప్పుడు ఆ రోజు పెట్టె కళ్ళముందే ఉంటుంది. ఇదే ఆఫర్‌ని మామూలు వాక్యంలో రాస్తే "ఈ వారం ఇంత ఖర్చు పెట్టండి, ఇన్ని టికెట్లు ఇస్తాం" అనాలి. అలా రాస్తే ఎవరైనా లెక్కేసుకుంటారు. మ్యాపు మీద బొమ్మ నడుస్తుంటే లెక్క గుర్తుకు రాదు, "ఇంకో రెండు అడుగులే" అనిపిస్తుంది.

ఈ "ఇంకో రెండే" అనే ఫీలింగ్ మీద మంచి పరిశోధన ఉంది. 2006లో నూన్స్, డ్రేజ్ అని ఇద్దరు ఒక కార్ వాష్‌లో చేశారు. కొంతమందికి 8 స్టాంపులు పడితే ఒక వాష్ ఫ్రీ అని ఖాళీ కార్డు ఇచ్చారు, ఇంకొంతమందికి 10 స్టాంపుల కార్డు ఇచ్చి అందులో రెండు ముందే కొట్టేశారు. రెండు గ్రూపులవాళ్ళకీ కావాల్సింది ఇంకా ఎనిమిదే. ఖాళీ కార్డువాళ్ళలో 19 శాతం పూర్తి చేస్తే, రెండు స్టాంపులు ముందే పడినవాళ్ళలో 34 శాతం పూర్తి చేశారు. అందుకే ఈ ప్రమోషన్లలో చాలాసార్లు బార్ సున్నా దగ్గర మొదలవ్వదు. మీ అక్కగారి ఫోన్‌లో ఈసారి కొత్త ప్రమోషన్ వచ్చినప్పుడు చూడండి, ఏమీ చెయ్యకముందే కొంచెం నిండి ఉండొచ్చు.

రోజుకోసారి రావాలి అనే పద్ధతి 2009లో ఫార్మ్‌విల్ ఆడినవాళ్ళకి బాగా తెలుసు, టైముకి రాకపోతే పంట ఎండిపోయేది. బింగోలో పంట బదులు స్ట్రీక్. ఐదు రోజులు వరసగా వచ్చి ఆరో రోజు రాకపోతే మళ్ళీ మొదటికి. ఇక్కడ మనిషిని లాగేది బహుమతి మీద ఆశకంటే ఇప్పటిదాకా కూడబెట్టింది పోతుందనే బాధ. నా అనుభవంలో ఇదే అన్నిటికంటే గట్టి పట్టు. పదకొండున్నరకి నిద్ర ఆపుకుని ఫోన్ తీసే వాళ్ళని డేటాలో చూసేవాళ్ళం, రాత్రి పన్నెండుకి ముందు లాగిన్లు గబగబా పెరిగేవి.

ఇక చక్రం. రోజుకోసారి ఫ్రీగా తిప్పుకోమంటారు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి, ప్రతిసారీ వచ్చే బహుమతికంటే ఎక్కువసేపు కట్టిపడేస్తుందని స్కిన్నర్ 1950ల్లోనే పావురాల మీద చూపించాడు. చక్రంలో ఒక విషయం గమనించమంటాను. తెర మీద ఎనిమిది భాగాలు సమానంగా కనబడతాయి, కానీ అవి సమానంగా పడాలని ఏమీ లేదు, ఏ భాగానికి ఎంత ఛాన్సో వెనకాల టేబుల్‌లో ఉంటుంది. యూకే లైసెన్స్ ఉన్న సైట్లలో షరతులు చదివితే ఈ సంగతి రాసి ఉండొచ్చు, కానీ చక్రం తిప్పేవాళ్ళు షరతులు చదవరు కదా.

అన్నిటికంటే ముఖ్యమైంది "ఒక్క నంబర్‌లో పోయింది" అనే క్షణం. బింగోవాళ్ళు దీన్ని 1టీజీ అంటారు, చాట్‌లో తెగ టైప్ చేస్తారు, ఇంకొక్కటే మిగిలింది అని. దీని లెక్క ఒకసారి చూడండి, నేను టీమ్‌లో కొత్తవాళ్ళకి మొదట ఇదే చూపించేవాణ్ణి. 1000 టికెట్లు అమ్మిన గేమ్‌లో ఫుల్ హౌస్ సుమారు 60 నంబర్లు పిలిచేసరికి వస్తుంది. ఆ టైముకి ఒక్క నంబర్ దూరంలో ఆగిపోయిన టికెట్లు దగ్గరదగ్గర పది ఉంటాయి, రెండు నంబర్ల దూరంలో ఇంకో నలభై దాకా. ఇప్పుడు ఒకావిడ ప్రతి గేముకీ 24 టికెట్లు కొంటుంది అనుకోండి. ఆవిడకి ఫుల్ హౌస్ రావడం సుమారు నలభై గేములకోసారి. కానీ "అయ్యో, ఒక్కటే!" అనుకోవడం నాలుగైదు గేములకోసారి. అంటే ఒక్క గెలుపు వచ్చేలోపు ఎనిమిది తొమ్మిది సార్లు గెలుపు దగ్గరకొచ్చి పోయినట్టు అనిపిస్తుంది. ఎవరూ మోసం చెయ్యలేదు, ఇది లెక్కలోనే ఉంది, తంబోలాలో కూడా ఇంతే.

కాకపోతే కాగితం మీద ఆడితే ఇది సగం సార్లు మీకు తెలియనే తెలియదు, ఎవరో హౌస్ అని అరిచాక టికెట్ చింపేస్తారు. ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే మీ 24 టికెట్లలో గెలుపుకి దగ్గరగా ఉన్నదాన్ని ఎప్పటికప్పుడు పైకి తెస్తుంది, రంగు మారుస్తుంది, కావాల్సిన ఆ ఒక్క నంబర్‌ని బొద్దుగా చూపిస్తుంది, వణికేలా యానిమేషన్ పెడుతుంది. మిగతా 23 టికెట్లు ఎంత దూరంలో ఉన్నాయో కనబడదు. దీనిమీద ప్రమోషన్ వాళ్ళు ఇంకో అంతస్తు కడతారు: 1టీజీలో ఆగిపోయినవాళ్ళకి చిన్న ఓదార్పు బహుమతి. ఓడిపోయిన గేముకి కూడా ఒక గెలుపు సౌండ్ వచ్చేస్తుంది. స్లాట్ అంటే బటన్ నొక్కితే బొమ్మలు గిర్రున తిరిగి ఆగే జూదం ఆట. 2009లో ల్యూక్ క్లార్క్ అనే పరిశోధకుడి బృందం అలాంటి ఆటతో మెదడు స్కాన్లు తీసి చూస్తే, కొద్దిలో పోయినప్పుడు కూడా గెలిచినప్పుడు పనిచేసే భాగాలే స్పందించాయి, మనుషులు అది బాధగా ఉందంటూనే ఇంకా ఆడాలనిపిస్తోంది అన్నారు.

ఇప్పుడు డబ్బు ఎక్కడుంది అనేది. చాలామంది బింగో టికెట్ల మీదే సైట్ బతుకుతుంది అనుకుంటారు. టికెట్ ఐదు పెన్స్, పది పెన్స్, ఒక గేము రెండు మూడు నిమిషాలు, ఆటో డాబ్ నడుస్తుంటే చేతులు ఖాళీ. ఆ ఖాళీ టైములో అదే స్క్రీన్ పక్కన చిన్న స్లాట్ గేములు పెడతారు, సైడ్ గేమ్స్ అంటారు. స్లాట్‌లో రెండు మూడు సెకన్లకో ఆట అయిపోతుంది, కాబట్టి గంటలో పెట్టే డబ్బు బింగోతో పోలికే ఉండదు. అందుకే ఆ నిధి వేట మ్యాపులో నాలుగో రోజో ఐదో రోజో "బహుమతి: ఫలానా స్లాట్ గేములో 10 ఫ్రీ స్పిన్లు" అని వచ్చేది. బింగోకి వచ్చిన మనిషికి స్లాట్ గుమ్మం చూపించే మలుపు అది. నన్నడిగితే మొత్తం డిజైన్‌లో నిజంగా ఆందోళన పడాల్సింది ఇక్కడే, మ్యాపులూ రంగులూ కాదు.

అక్కడ జూదాన్ని అదుపు చేసే సంస్థ, యూకే గ్యాంబ్లింగ్ కమిషన్, కూడా సరిగ్గా ఇక్కడే చెయ్యి పెట్టింది. 2025 మార్చిలో ప్రకటించి, 2026 జనవరి 19 నుంచి అమల్లోకి తెచ్చిన రూల్స్ ప్రకారం ఒక బోనస్ కోసం రెండు రకాల జూదం ఆడాల్సి వచ్చే ఆఫర్లు కుదరవు. వేజరింగ్ కూడా 10 రెట్లకి మించకూడదు. వేజరింగ్ అంటే బోనస్ డబ్బు విత్‌డ్రా చేసుకునే ముందు దాన్ని ఎన్నిసార్లు తిప్పి ఆడాలో. 20 పౌండ్ల బోనస్‌కి 35 రెట్లు అంటే 700 పౌండ్ల ఆట. 95 శాతం తిరిగిచ్చే స్లాట్‌లో ఆడినా సగటున 35 పౌండ్లు పోతాయి, అంటే బోనస్‌కంటే ఎక్కువ. ఇప్పుడు 10 రెట్లే కాబట్టి 200 పౌండ్ల ఆట, సగటు నష్టం 10. చాలా పెద్ద మార్పు ఇది, ఆటగాళ్ళకి మంచి జరిగింది అని మనస్ఫూర్తిగా చెప్తున్నా. దీనికి ముందే 2021 అక్టోబర్ నుంచి స్లాట్‌లో ఒక స్పిన్‌కి కనీసం రెండున్నర సెకన్లు ఉండాలి, ఆటోప్లే ఉండకూడదు, పెట్టినదానికంటే తక్కువ వస్తే గెలిచినట్టు సౌండ్లు పెట్టకూడదు అని రూల్ ఉంది. 2025 నుంచి ఆన్‌లైన్ స్లాట్‌లో ఒక స్పిన్‌కి 5 పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి 2 పౌండ్లు గరిష్ఠం. ఇవి స్లాట్ల రూల్సు, బింగో టికెట్లవి కావు, రెండూ కలిపి చూడకండి.

అన్నీ చెడ్డవేనా అంటే కాదు, ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. చాట్ రూమ్ సంగతి తీసుకోండి. బింగో సైట్లలో చాట్ హోస్ట్ అని ఒక మనిషి ఉంటారు, అందరినీ పేరుపెట్టి పలకరిస్తారు, చిన్న చిన్న క్విజ్‌లు పెడతారు. వీడియో గేముల్లో గిల్డ్, అంటే కలిసి ఆడే గ్రూపు, ఎలాగో ఇక్కడ రూమ్ అలా. ఒంటరిగా ఉండేవాళ్ళకి, షిఫ్టుల వల్ల ఫ్రెండ్స్‌ని కలవలేని వాళ్ళకి అది నిజమైన స్నేహమే, నేను చదివిన చాట్‌లలో ఆపరేషన్ అయినవాళ్ళని రోజూ అడిగి కనుక్కునే వాళ్ళున్నారు. మీ అక్కగారు ఊరుకాని ఊళ్ళో, తెల్లవారుజామున ఇంటికొచ్చి ఆడుతున్నారంటే ఆ పలకరింపు కోసం కూడా కావచ్చు. "మానెయ్" అని ఒక్క మాటలో అనేముందు అది గుర్తుపెట్టుకోండి. అలాగే వారానికి ఐదు పౌండ్లు అని లిమిట్ పెట్టుకుని, ఆ లోపల ఈ మ్యాపులతో సరదా పడేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ప్రమోషన్ వాళ్ళకి పెద్ద సమస్యే వాళ్ళు, ఏం చూపించినా ఐదు దగ్గర ఆగిపోతారు.

ఇక వీటివల్లే ఆవిడ ఎక్కువ ఆడుతున్నారా అన్నది. నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ మీరు ఇద్దరూ కలిసి కనుక్కోవచ్చు. సైట్ అకౌంట్‌లో హిస్టరీ ఉంటుంది, గత మూడు నెలల డిపాజిట్లు, విత్‌డ్రాలు తీయండి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేదే అసలు లెక్క, గెలిచిన గేములు ఆవిడ చెప్పే లెక్కలో ఎక్కువ కనబడతాయి, అది సహజం. తర్వాత తేదీలు చూడండి. నిధి వేటలు, స్ట్రీక్‌లు నడిచిన వారాల్లో డిపాజిట్లు దగ్గరదగ్గరగా పడి, లేని వారాల్లో పల్చగా ఉంటే ఆవిడని ఆడిస్తోంది ప్రమోషనే. రెండు రకాల వారాల్లోనూ ఒకేలా ఉంటే కారణం వేరే ఎక్కడో ఉంది. ఇంకోటి, బింగో ఎంత, సైడ్ గేమ్స్ ఎంత అని విడివిడిగా చూడండి. సైడ్ గేమ్స్ వాటా నెలనెలా పెరుగుతుంటే అది సీరియస్‌గా తీసుకోవాల్సిన గుర్తు.

ప్రమోషనే అని తేలితే ముందు ఆపాల్సింది మెసేజ్‌లని. 2025 మే 1 నుంచి యూకేలో ఈమెయిల్, ఎస్ఎంఎస్, నోటిఫికేషన్ ఏది కావాలో, అదీ బింగోకా కాసినోకా (స్లాట్లు కాసినో కిందకే వస్తాయి) అని, విడివిడిగా ఎంచుకునే హక్కు ఉంది. కాసినో మొత్తం ఆఫ్, నోటిఫికేషన్లు మొత్తం ఆఫ్. ఇంతతోనే కొంత తగ్గొచ్చు, ఎందుకంటే ఆ మెసేజ్ ఊరికే రాదు, ఆవిడ మామూలుగా ఏ టైముకి లాగిన్ అవుతారో చూసి దానికి కాస్త ముందు పంపిస్తారు. తర్వాత డిపాజిట్ లిమిట్. తగ్గించడం వెంటనే అవుతుంది, పెంచడానికి ఆగాలి, అది మనకి మంచిదే. స్ట్రీక్ తెగిపోతుంది అని ఆవిడ బాధపడితే ఆ స్ట్రీక్ చివర్లో వచ్చే బహుమతి ఖరీదు ఎంతో, అక్కడికి చేరడానికి ఇంకా ఎంత పెట్టాలో ఒక కాగితం మీద రాసి చూపించండి. నేను చూసిన ప్రమోషన్లలో దాదాపు ఎప్పుడూ రెండో అంకే పెద్దది.

ఇండియా సంగతి: లేదండి, ఆడకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములని, నేర్పు అయినా అదృష్టం అయినా, 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది. ఈ చట్టం కింద ఆడేవాళ్ళకి జైలు లేదు, నడిపేవాళ్ళకి, యాడ్స్ వేసేవాళ్ళకి, డబ్బులు పంపే సదుపాయం ఇచ్చేవాళ్ళకి శిక్షలు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఎటూ రాష్ట్ర చట్టాలు ఉన్నాయి. సెలవులకి వచ్చినప్పుడు వీపీఎన్ పెట్టి ఆడటం, ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన లింక్ నొక్కడం అస్సలు వద్దు. అలాంటి సైట్లకి పైన చెప్పిన రూల్ ఒక్కటీ వర్తించదు, డబ్బు ఇరుక్కుంటే అడిగే దిక్కు కూడా ఉండదు.

లిమిట్లతో ఆగట్లేదు, ఆవిడకే ఆపాలని ఉంది అంటే యూకేలో గామ్‌స్టాప్ ఉంది, ఫ్రీ. ఒక్కసారి పేరు నమోదు చేస్తే బ్రిటన్ లైసెన్స్ ఉన్న అన్ని ఆన్‌లైన్ సైట్లూ ఆరు నెలలో, ఏడాదో, ఐదేళ్ళో, ఆవిడ ఎంచుకున్నంత కాలం ఆడనివ్వవు. అయితే అది ఆవిడే చేసుకోవాలి, మీరు ఆవిడ తరఫున చెయ్యలేరు. బ్యాంక్ యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ కూడా ఆన్ చెయ్యమనండి, మోంజో, స్టార్లింగ్ లాంటివి 2018 నుంచే ఇస్తున్నాయి, ఇప్పుడు పెద్ద బ్యాంకులు చాలావాటిల్లో ఉంది. మాట్లాడాలనిపిస్తే నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133, 24 గంటలూ, ఫ్రీ. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు, అంటే యూకేలో మీ వాళ్ళెవరైనా ఉంటే ఆవిడకంటే ముందు వాళ్ళు ఫోన్ చేసి సలహా అడిగినా పలుకుతారు. హిస్టరీ తీశాక అంకెలు అర్థం కాకపోతే పేర్లు, అకౌంట్ వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.